ఆకరగ్రంథం అక్కర ఎవరికి?

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో నిఘంటువులు, కవుల చరిత్రలు, పురాణనామకోశాలు, పాత సంకలనాల వంటి ఆకరగ్రంథాల గురించి, అంటే అవసరం పడినప్పుడు తెరిచి చూసుకునే పుస్తకాల గురించి, అడిగినవి చాలా ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరం నిడివిగా ఉన్నచోట ప్రశ్నను కుదించాను. అడిగినవారి ఉద్దేశం ఎక్కడా మారలేదనుకుంటాను.

ప్రశ్న: నేను పరిశోధకుణ్ణి కాను. ఉద్యోగ విరమణ తరువాత తీరిగ్గా భాగవతం, మనుచరిత్ర వంటివి టీకాతాత్పర్యాల సాయంతో చదువుకుంటున్నాను. లావుపాటి కోశాలు విశ్వవిద్యాలయాల వారికి కావాలి గాని, ఆనందం కోసం చదివే నాబోటివాడికి వాటితో పనేమిటి? టీక ఉంటే చాలదా?

జవాబు: చాలా పద్యాలకు చాలుతుంది. చాలని పద్యం ఎదురైనప్పుడు ఏం చేస్తామన్నదే ప్రశ్న. మీరు భాగవతం చదువుతున్నారు గనక అందులోనిదే ఒక పద్యం తీసుకుందాం. త్రివిక్రమావతారాన్ని వర్ణించే ‘ఇంతింతై వటుఁడింతయై’ మీకు కంఠస్థమయ్యే ఉంటుంది. ఆ పొట్టి వడుగు ఆకాశవీధిని, మేఘమండలాన్ని, ప్రభారాశిని మించి, ఆ తరువాత చంద్రుణ్ణి, ధ్రువుణ్ణి, మహర్వాటిని దాటి సత్యపదం దాకా ఎదుగుతాడు. ప్రభారాశి అంటే కాంతుల ప్రోవు అని టీక చెబుతుంది. అది చెప్పవలసింది అంతే, చెప్పేసింది. అయితే ఆ కాంతుల ప్రోవును సూర్యమండలంగా గ్రహించగానే, ఇప్పటి బడి చదువు చదివిన మనకు ఒక చిక్కు వస్తుంది. చంద్రుడు మనకు దగ్గర, సూర్యుడు చాలా దూరం గదా, పోతన సూర్యుణ్ణి దాటించాక చంద్రుణ్ణి దాటించడమేమిటి? గణాల కోసమో యతి కోసమో వరస మార్చాడేమోనని అనుమానించినవారు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

లోకాల అమరికను వివరించే పురాణకోశం ఏదైనా తెరిస్తే ఈ చిక్కు విడిపోతుంది. భాగవత పంచమ స్కంధం చెప్పిన లెక్కలో చంద్రమండలం సూర్యమండలానికి లక్ష యోజనాల పైన ఉంది. దానికి పైన నక్షత్రాలు, గ్రహాలు, సప్తర్షులు, ఆ పైన ధ్రువుడు ఉంటారు. ధ్రువుడికి మీద మహర్లోకం, ఆ తరువాత జనోలోకం, తపోలోకం, అన్నిటికీ కొసన సత్యలోకం. పద్యంలోని మహర్వాటి మహర్లోకమే, సత్యపదం సత్యలోకమే. పోతన మధ్యలో కొన్ని మెట్లు వదిలాడు గాని, ఎక్కిన మెట్లలో ఒక్కటి కూడా వరస తప్పలేదు. ఈ సంగతి తెలియకపోయినా పద్యం వినసొంపుగానే ఉంటుంది. తెలిశాక మాత్రం, వామనుడు పెరుగుతున్న ఆకాశం కవి కంటికి ఏ కొలతలతో కనిపించిందో మన కంటికీ అలాగే కనిపిస్తుంది. మీరు కోరుకుంటున్న ఆనందం ఇదే కదా!

పండితులకొక రకం పుస్తకం, తక్కినవారికొక రకం పుస్తకం అనే విభజన మన సంప్రదాయంలో ఇంత గట్టిగా లేదని కూడా చెప్పాలి. అమరకోశం ఆకరగ్రంథమే. దాని అసలు పేరు నామలింగానుశాసనం. మూడు కాండల్లో, సుమారు 1500 శ్లోకాల్లో సంస్కృత పదాల పర్యాయాలను, లింగాలను చెబుతుంది. దాన్ని పెద్దయ్యాక సంప్రదించడానికి దాచలేదు, చిన్నప్పుడే పిల్లలచేత వల్లె వేయించారు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదం సూరకవి ఆంధ్రనామశేషం వంటి తెలుగు నిఘంటువులు పద్యాల్లోనే ఉండటానికి కారణం కూడా అదే. నోటికి వచ్చిన పుస్తకానికి అకారాది వరస అక్కరలేదు, విషయాల వరస ఉంటే చాలు. మాటలను అకారాదిగా పేర్చిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక వంటివి వచ్చాక, ఆ తరువాత అచ్చు పెరిగాక, నిఘంటువు నాలుక మీదినుంచి బల్ల మీదికి దిగింది. అలా దిగాకనే అది పండితుల సొత్తన్న భ్రమ మనకు కలిగింది.

పరిశోధకుడికీ మీకూ తేడా లేదనను. మీకు సమాధానం కావాలి, ఆయనకు ఆ సమాధానం ఎక్కడినుంచి వచ్చిందో కావాలి. మంచి ఆకరగ్రంథం ఈ రెండూ ఒకే పుటలో ఇస్తుంది. రెండోదాన్ని కూడా చూసే అలవాటు మీకు అయిందంటే ఎంత మేలో, ఈ శీర్షికలోనే మూడో ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చూడండి.

ప్రశ్న: శబ్దరత్నాకరం కొన్నాను. మొదటిరోజే ‘చెరువు’ కోసం వెతికితే దొరకలేదు. పద్యాల్లోని మాటలైతే సగానికి సగం కనిపించడం లేదు. నిఘంటువు అసంపూర్ణమా, నాకు చూడటం రాదా?

జవాబు: బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. దాని అక్షర సంప్రదాయం మనం ఇప్పుడు దినపత్రికల్లో చూసేది కాదు. అందులో చెరువుకు బండి ‘ఱ’ ఉంటుంది గనక ‘చెఱువు’ అని చూడాలి. ‘మరి’ని ‘మఱి’గా, ‘పుస్తకం’ను ‘పుస్తకము’గా వెతకాలి. ‘క్ష’తో మొదలయ్యే మాటలు, బడిలో నేర్చిన అక్షరమాలలో లాగా చివర ఉండవు. క కింద ష వత్తుగా లెక్కగట్టి, కకారంలోనే పెడతారు. క్రియలకు ‘ఉ’తో ముగిసే రూపమే ఆరోపం, అంటే అర్థం ఇవ్వడానికి నిఘంటువు ఎత్తుకునే మాట. ‘చేసెను’ అన్నది ‘చేయు’ దగ్గర, ‘పోయె’ అన్నది ‘పోవు’ దగ్గర దొరుకుతాయి.

పద్యాల్లోని మాటలు కనబడకపోవడానికి అసలు కారణం సంధి. పైన చెప్పిన పోతన పద్యమే తీసుకోండి. ‘మఱియుఁ దానింతై’ అని ఉంటుంది. దీన్ని చూసి దకారం తెరిచినవారికి ఏమీ దొరకదు. అక్కడున్నది ‘తాను’. ముందున్న ‘మఱియున్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్నది, కావడంతో దాని మీది తకారం దకారమైంది. ‘వాఁడు వోయె’ అన్నప్పుడు ‘వోయె’ అసలు రూపం ‘పోయె’. ప్రథమావిభక్తి మీది క చ ట త పలు గ స డ ద వలుగా మారతాయని మనం బడిలో చదువుకున్న సూత్రం పరీక్ష కోసం మాత్రమే పుట్టిందనుకుంటాం గాని, నిఘంటువు తలుపుకు అదే తాళంచెవి. అంచేత పద్యంలో మాట గ, స, డ, ద, వ, జ, బలతో మొదలై ఆ అక్షరం దగ్గర దొరకకపోతే, దానికి పరుషమైన క, చ, ట, త, ప దగ్గర మరొక్కసారి చూడండి. నా అనుభవంలో దొరకని మాటల్లో ఎక్కువ భాగం ఈ రెండో ప్రయత్నంలో దొరుకుతాయి.

మరొక చిన్న పని కూడా చేయండి. పుస్తకం మొదట్లో సంకేతాల పట్టిక ఉంటుంది, ఎవరూ చదవరు. ఒక పూట కూర్చుని దాన్ని చదవండి. ‘దే.’ అంటే దేశ్యం (అచ్చ తెలుగు మాట) అనీ, ‘వై.’ అంటే వైకృతం (సంస్కృతాది భాషల మాట మారగా వచ్చిన రూపం) అనీ, ‘భార. ఆది.’ అంటే భారతం ఆదిపర్వంలో ఆ ప్రయోగం ఉందనీ తెలియకపోతే, నిఘంటువు చెప్పినదాంట్లో సగం మనకు చేరదు.

ఇంతా చేసినా దొరకని మాటలు ఉంటాయి. శబ్దరత్నాకరం కావ్యభాష కోసం కూర్చింది. సి.పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వాడుకమాటలకు ఎక్కువ చోటు ఉంది. ఆధునిక కథలో సేద్యపు పనిముట్ల మాట ఏదైనా తగిలితే ఈ రెండూ పక్కన పెట్టి, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, చూడాలి. దొరకని మాటకు తప్పు ఎప్పుడూ నిఘంటువుదే కాదు. మనం తట్టింది వేరే ఇంటి తలుపు కావచ్చు.

ప్రశ్న: నేను ఎం.ఏ. తెలుగు విద్యార్థిని. నన్నెచోడుడు నన్నయకు ముందువాడని ఒక పుస్తకం, తరువాతివాడని మరొకటి, అసలు ఆయన ప్రసక్తే లేకుండా ఇంకొక పాత పుస్తకం ఉన్నాయి. సాహిత్య చరిత్రలే ఇలా కొట్టుకుంటుంటే వాటిని ప్రమాణంగా ఎలా తీసుకోవాలి?

జవాబు: మీకు కనిపించిన మూడు పుస్తకాలూ, వాటి వాటి కాలంలో నిలబడి చూస్తే, నిజాయితీగానే మాట్లాడుతున్నాయి. ముందు ప్రసక్తే లేని పుస్తకం సంగతి చూద్దాం. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి వెలికితీసి 1909లో అచ్చు వేయించారు. అంతకుముందు అచ్చయిన కవుల చరిత్రలో ఆ కావ్యం మీద చర్చ ఉండే వీలే లేదు. కనుక ఏ ఆకరగ్రంథాన్నయినా తెరిచేముందు దాని ముద్రణ సంవత్సరం, వీలైతే అది ఎన్నో కూర్పో చూసుకోవాలి. కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రను ఒకసారి రాసి ఊరుకోలేదు, తరువాత సవరించి పెంచారు. ‘వీరేశలింగంగారు ఇలా అన్నారు’ అని రాసే విద్యార్థి, ఏ కూర్పులో అన్నారో చెప్పకపోతే సగం మాటే చెప్పినట్టు.

ఇక ముందువాడా తరువాతివాడా అన్న తగవు. కుమారసంభవాన్ని ప్రకటిస్తూ, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని, పదో శతాబ్దివాడని మానవల్లి ప్రతిపాదించారు. పండితుల్లో చాలామంది దాన్ని ఒప్పుకోక, నన్నయ తరువాత, పన్నెండో శతాబ్ది ప్రాంతానికి తెచ్చారు. ఇరుపక్షాలూ పట్టుకున్న ఆధారాల్లో ఒకటి ఆ కావ్యంలోనే ఉన్న పద్యం. పూర్వం లోకంలో మార్గకవిత (సంస్కృత పద్ధతి కవిత) వెలుగుతుండగా, దేశికవితను (దేశభాషా పద్ధతి కవితను) పుట్టించి ఆంధ్రదేశంలో తెలుగును నిలిపినవారు చాళుక్యరాజు మొదలుగా పలువురని దాని సారాంశం. ఆ చాళుక్యరాజు నన్నయచేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడే అనుకుంటే, ఈ పద్యం రాసినవాడు నన్నయ తరువాతివాడై తీరాలి. కాదు, అంతకు ముందటి మరొక చాళుక్యరాజు అనుకుంటే, పూర్వుడయ్యే దారి తెరిచి ఉంటుంది. పద్యం ఒక్కటే, రాజు ఎవరన్న దగ్గర చరిత్ర రెండుగా చీలింది.

ఇప్పుడు మీ చేతిలోని పుస్తకాలను మళ్లీ చూడండి. ‘నన్నెచోడుడు క్రీ.శ. ఫలానా సంవత్సరం వాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చిన పుస్తకమూ, ఈ పద్యాన్ని ఉదాహరించి, శాసనాలు చూపి, ఎదుటిపక్షం ఏమన్నదో చెప్పి, ఆ తరువాతే తన నిర్ణయం చెప్పిన పుస్తకమూ ఒకే కోవకు చెందవు. మొదటిది తప్పని తేలితే దానిలో మనకు మిగిలేదేమీ లేదు. రెండోది తప్పని తేలినా, ఆ తప్పును తేల్చడానికి కావలసిన సరంజామా దానిలోనే ఉంటుంది. ఆకరం అంటే గని అని అర్థం. గనిలో దిగినవాడికి రాయీ రత్నమూ రెండూ కనబడాలి. ఏరి పెట్టెలో పెట్టి మూత వేసిన నగను గని అనలేం. చాగంటి శేషయ్య ఆంధ్రకవితరంగిణి, ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యం వంటి బహుసంపుటాల గ్రంథాల్లో మీరు ఒప్పుకోని నిర్ణయాలు ఉండవచ్చు, నేను ఒప్పుకోనివీ ఉన్నాయి. అయినా పరీక్షలకు చదివే చిన్న సాహిత్య చరిత్రలకంటే అవి వెయ్యి రెట్లు పనికివస్తాయని నా అభిప్రాయం. వాదం జరిగిన తీరును అవి దాచవు.

మీ వ్యాసంలో ఏ కాలం రాయాలని మీరు అడగకపోయినా అడిగినట్టే అనిపించింది. పన్నెండో శతాబ్ది అని రాసి, మానవల్లి వాదాన్నీ దాని ఆధారాన్నీ రెండు వాక్యాల్లో చెప్పండి. మార్కులకు భయపడి ఒక పక్షాన్ని మింగేయకండి.

ప్రశ్న: ఇప్పుడు నిఘంటువులన్నీ ఫోనులోనే ఉన్నాయి. కవుల వివరాలు క్షణంలో వస్తాయి. ఇంకా ఈ అచ్చు సంపుటాలను పొగడటం పాతకాలపు మమకారమేమో?

జవాబు: కొంత మమకారం ఉంది, దాచను. అయినా నిఘంటువుల విషయంలో మీరన్నది నిజం. అంతర్జాలంలో ఆంధ్రభారతి వంటి చోట్ల శబ్దరత్నాకరం, బ్రౌను, సూర్యరాయాంధ్ర నిఘంటువుల వంటివి ఒకేసారి వెతికే వీలుంది. ఒక మాట ఏ నిఘంటువులో ఉందో ఏ దాంట్లో లేదో ఒక్క చూపులో తెలియడం అచ్చు పుస్తకాలతో సాధ్యం కాని పని. నేనూ రోజూ వాడతాను.

నా పేచీ తెర మీద కాదు, మూలం చెప్పని సమాచారం మీద. దీనికి ఇంగ్లీషు నిఘంటు చరిత్రలో ప్రసిద్ధమైన కథ ఒకటుంది. 1934లో వచ్చిన వెబ్‌స్టర్ మహానిఘంటువు రెండో కూర్పులో ‘డార్డ్’ అనే మాట, ‘సాంద్రత’ అనే అర్థంతో అచ్చయింది. అలాంటి మాట లోకంలో లేనేలేదు. సాంద్రతకు పెద్ద ‘డి’ గాని చిన్న ‘డి’ గాని సంకేతంగా వాడవచ్చని ఒక చీటీ మీద రాస్తే, ఆ ‘డి ఆర్ డి’ సంకేతాల కట్టలోకి పోవలసింది పోయి మాటల కట్టలో కలిసింది. ‘ఆర్’ అంటే ‘లేదా’ అన్న సంగతి ఎవరికీ తట్టక, మూడు ముక్కలూ అతుక్కుని ఒక శబ్దమై కూర్చున్నాయి. 1939లో ఒక సంపాదకుడు దాన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడన్నదే ఇక్కడ ముఖ్యం: ఆ ఆరోపానికి వ్యుత్పత్తి ఇవ్వలేదు. ప్రతి మాటకూ పుట్టుక చెప్పడం నియమంగా పెట్టుకున్న పుస్తకం గనక, పుట్టుక లేని మాట అనుమానాస్పదమైంది. అసలు ఏ మాటకూ మూలం చెప్పని పుస్తకంలోనైతే డార్డ్ హాయిగా ఇంకా బతికి ఉండేది.

ఫోనులో దొరికే కవి జీవితాల్లో చాలా భాగం ఈ రెండో కోవకు చెందినవే. ఒకరు రాసినదాన్ని పదిమంది ఎత్తి రాస్తే పది ఆధారాలు ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉన్నది ఒక్కటే, ఒక్కోసారి అదీ ఉండదు. యంత్రమే వాక్యాలు అల్లి చెప్పే జవాబులకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. ఏ గ్రంథం, ఏ ఆశ్వాసం, ఏ పద్యం అని అడిగి, అది చూపిన చోటికి వెళ్లి చూడండి. కొన్నిసార్లు ఆ చోటే ఉండదు.

అచ్చు పుటకు మరొక సుగుణం ఉంది. మనం ఒక మాటకోసం వెళితే దాని ఇరుగుపొరుగు కూడా పలకరిస్తుంది. ‘తల’ కోసం తెరిస్తే తలకట్టు, తలగడ, తలపాగ, తలవాకిలి ఒక కుటుంబంలా కూర్చుని కనిపిస్తాయి. వెతుకుడు పెట్టె అడిగినదాన్ని మాత్రమే చేతిలో పెడుతుంది. అడగడం తెలియనిదాన్ని చూపించేది పుటే.

ప్రశ్న: పాతకాలంలో కవుల పద్యాలను ఏరి కూర్చిన సంకలనాలను కూడా ఆకరగ్రంథాలు అనవచ్చా? అవి చదువుకునే పుస్తకాలే గదా?

జవాబు: అనవచ్చు. కొన్ని సందర్భాల్లో వాటికంటే గొప్ప ఆకరాలు మనకు లేవు. మడికి సింగన సకలనీతిసమ్మతం అనే పేరుతో, తన నాటికి తెలుగులో ఉన్న నీతిగ్రంథాల నుంచి పద్యాలు ఏరి విషయాల వారీగా కూర్చాడు. ఆయన ఉద్దేశం రాజనీతి, లోకనీతి ఒక్కచోట దొరకాలని. తరువాతి కాలంలో ఆయన ఎత్తుకున్న గ్రంథాల్లో కొన్ని నశించాయి. శివదేవయ్య పురుషార్థసారం అనే గ్రంథం ఒకటుండేదని, దాని పద్యాలు ఇలా ఉండేవని మనకు తెలిసిందంటే ఆ కూర్పు చలవే. ఏ పద్యం ఏ గ్రంథంలోదో సింగన రాసిపెట్టాడు గనకే ఇది సాధ్యమైంది. ఆ ఒక్క జాగ్రత్త లేకపోతే సకలనీతిసమ్మతం మరొక నీతిపద్యాల మూట అయ్యేది, అంతకు మించి కాదు.

పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరం ఇలాంటిదే. వర్ణనల వారీగా ఎందరో కవుల పద్యాలు కూర్చిన ఆ గ్రంథాన్ని ఆధారం చేసుకుని, అలభ్య కావ్యాల పద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రబంధరత్నావళిగా ప్రకటించారు. తెనాలి రామకృష్ణకవికి కందర్పకేతువిలాసం అనే కావ్యం ఉండేదని మనం ఈనాడు ధైర్యంగా అనగలుగుతున్నది ఇలా మిగిలిన కొద్దిపాటి పద్యాల వల్లనే. అప్పకవీయం వంటి లక్షణగ్రంథాలను కూడా ఈ దృష్టితో చూడాలి. యతికో ప్రాసకో ఉదాహరణగా ఇచ్చిన పద్యం, మూలకావ్యం పోయాక, ఆ కావ్యానికి మిగిలిన ఆనవాలు అవుతుంది. ఛందస్సు మీద ఆసక్తి లేనివారు సైతం వాటిని తిరగేయడం ఇందుకే.

చాటుపద్యాల సంకలనాల దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. నోటినుంచి నోటికి వచ్చిన చాటువుకు కవి పేరు తగిలించడంలో జనం ఉదారులు. శృంగారం కనిపిస్తే శ్రీనాథుడిదంటారు, వెటకారం కనిపిస్తే తెనాలి రామకృష్ణుడిదంటారు. సంకలనకర్త ‘ఇది ఫలానావారిదని చెబుతారు’ అని రాశాడా, ‘ఫలానావారిదే’ అని రాశాడా అన్నది గమనించండి. మొదటి రకం వాక్యం రాసినవాడిని ఎక్కువ నమ్మండి.

ప్రశ్న: ఇంట్లో సాహిత్యాభిరుచి ఉన్నవాళ్లం నలుగురం ఉన్నాం. అన్నీ కొనలేం. తప్పనిసరిగా ఉండవలసినవి ఏవి?

జవాబు: ఒక తెలుగు–తెలుగు నిఘంటువు, ఒక పురాణనామకోశం, ఒక సాహిత్య చరిత్ర. మొదటిదానికి శబ్దరత్నాకరం చాలు. రెండోదానికి పూర్వగాథాలహరి వంటిది. మూడోదానికి మీ అభిరుచి ఏ కాలం మీద ఉందో దాన్నిబట్టి ఎంచుకోండి. ప్రాచీన కావ్యాలే ఎక్కువ చదివేవారైతే బాలవ్యాకరణం కూడా పక్కన ఉంచుకోండి, అది సంధుల దగ్గర మాటిమాటికీ ఆదుకుంటుంది.

సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలు, నన్నయ, తిక్కన పదప్రయోగకోశాలు వంటివి గ్రంథాలయంలో చూసుకోవలసినవి. ఒక మాటను తిక్కన ఎక్కడెక్కడ ఏ అర్థంలో వాడాడో తెలుసుకోవలసిన అవసరం ఏడాదికి నాలుగుసార్లు వస్తుందేమో. వచ్చినప్పుడు ఆ కోశం ఉన్న గ్రంథాలయం మీకు తెలిసి ఉంటే చాలు.

అసంపూర్ణమైన పుస్తకం దొరికితే వద్దనుకోకండి. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్రవిజ్ఞానసర్వస్వం మూడు సంపుటాలు వచ్చినా అకారం దాటలేదు. 1923లో ఆయన మరణించారు. అక్షరమాలలో మొదటి అక్షరం దగ్గరే ఆగిన విజ్ఞానసర్వస్వం ఏం పనికివస్తుందని నవ్వుకోవచ్చు గాని, శాస్త్ర విషయాలను తెలుగు వచనంలో ఎలా చెప్పవచ్చో ఆ వ్యాసాలు చూపిస్తాయి. పాత పుస్తకాల మధ్య ఒక సంపుటం కనబడితే తప్పక తెచ్చుకోండి.

ప్రశ్న: ఒక కోశంలో స్పష్టమైన తప్పు కనిపించింది. పద్యం భారతంలో ఒక పర్వంలోది, వారు మరొక పర్వం పేరు వేశారు. ఎవరికి చెప్పాలి? చెప్పినా పట్టించుకుంటారా?

జవాబు: తప్పక చెప్పండి. పెద్ద నిఘంటువులు ఇంట్లో కూర్చున్న పాఠకుల చీటీల మీదే నిలబడ్డాయి. 1884లో మొదటి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకు ప్రయోగాలు ఏరి పంపినవారిలో చాలామంది జీతం లేని పాఠకులు. సంపాదకుడు జేమ్స్ మర్రే ఆ చీటీలను వర్గీకరించడానికి తన ఇంటి ఆవరణలో ఒక షెడ్డు వేసుకున్నాడు. ఆయన 1915లో పోయాడు, పుస్తకం పూర్తి కావడం చూడలేదు.

చెప్పేటప్పుడు ‘మీ పుస్తకంలో తప్పులున్నాయి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. కూర్పు, ముద్రణ సంవత్సరం, పుట, ఆ పుటలో ఎన్నో వరస, ఆరోపం, అచ్చయిన రూపం, ఉండవలసిన రూపం, దానికి మీరు చూసిన భారత ప్రతి వివరం, పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఒక కాగితం మీద రాసి ప్రచురణకర్తకు పంపండి. భారతం వేర్వేరు ముద్రణల్లో పద్యసంఖ్యలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గనక, మీరు వాడిన ముద్రణ పేరు చెప్పడం మరవకండి. వారు చూపిన సంఖ్య వేరే ముద్రణలో సరైనదే కావచ్చు. మీ విషయంలో పర్వమే మారింది గనక అలాంటి అవకాశం తక్కువ.

పంపేముందు ఇంకొక్క పని మిగిలి ఉంది. సంపుటం చివర తప్పొప్పుల పట్టిక ఉందేమో చూడండి. నేను ఒకసారి మూడు పుటల ఉత్తరం రాసి, అంటించి, డబ్బాలో వేసి వచ్చాక చూశాను. నేను పట్టుకున్న నాలుగు తప్పుల్లో మూడు అప్పటికే అందులో ఉన్నాయి.